మీ ప్రశ్న ఏ ఊరిది?

(హనుమకొండలో 2025 చివర్లో, ఎం.ఎడ్. మొదటి సంవత్సరం విద్యార్థులకు విద్యా పరిశోధన పద్ధతుల తొలి తరగతిలో ఒక అధ్యాపకురాలు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక బెంచీల వాళ్లు కొంచెం ముందుకు రండి. నేను గట్టిగా మాట్లాడలేను, మీరు ఏమన్నా అడిగితే నాకూ వినపడాలి.

మీలో నర్సంపేట, పరకాల, తొర్రూరు బస్సులు పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. భూపాలపల్లి నుంచి రోజూ వచ్చిపోతానని ఒకమ్మాయి అడ్మిషన్ రోజే చెప్పింది. కొందరు ఇప్పటికే ప్రైవేటు బడుల్లో పాఠాలు చెబుతున్నారు, కొందరు డీఎస్సీ కోసం చదువుతున్నారు. ఈ పేపరు పేరు వినగానే టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. లెక్కలుంటాయి, స్టాటిస్టిక్స్ ఉంటుంది అనే కదా భయం? దాని సంగతి తర్వాత చెప్తాను. మొదటి రోజు లెక్కలు లేవు.

2015 నుంచి ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. మీకు రెండేళ్ల సమయం ఉంది. అందులో సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక రాయాలి, బడులకు వెళ్లి సమాచారం తేవాలి, డిసర్టేషన్, అంటే పరిశోధన గ్రంథం రాయాలి, వైవా ఇవ్వాలి. బి.ఎడ్.లో మీరంతా చర్యాత్మక పరిశోధన చేసే ఉంటారు. మీ తరగతిలో సమస్య ఉంది, ఒక ఉపాయం వేశారు, మీ పిల్లలకు పనికొచ్చింది, అక్కడితో అయిపోయింది. ఇక్కడ మీరు రాసేది మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి చదువుతాడు. ఆదిలాబాద్‌లోనో అనంతపురంలోనో ఒక టీచర్ అది చదివి "నా పిల్లల విషయంలో ఇది నిజమేనా?" అని సరిచూసుకునేలా ఉండాలి. కాబట్టి మీరు వాడే ప్రతి మాటా ఎక్కడిది, దానికి అర్థమేంటి, ఎలా కొలిచారు అన్నది విప్పి చెప్పాల్సి వస్తుంది.

నిన్న మీకు తలా ఒక చీటీ ఇచ్చి, ఈ రెండేళ్లలో ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాయమన్నాను. రాత్రి అన్నీ చదివాను. మీరు శ్రద్ధగానే రాశారు. కానీ దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. "ఫలానా జిల్లాలోని ఫలానా విద్యార్థుల ఫలానాపై ఫలానా ప్రభావం, ఒక అధ్యయనం." ఏం తెలుసుకోవాలనుకుంటున్నారని అడిగితే అందరూ టైటిల్ రాసిచ్చారు. ప్రశ్నార్థకం ఉన్న చీటీ ఒక్కటే. "మా బడిలో ఏడో తరగతి పిల్లలు గట్టిగా చదవమంటే ఎందుకు చదవరు?" పేరు రాయలేదు. ఎవరో నేను అడగను. ఆ చీటీని నా పర్సులో పెట్టుకుని తెచ్చాను, చివర్లో దాని దగ్గరికి వస్తాను.

ముందు బోర్డు మీద ఒక టైటిల్ రాస్తాను. మీ చీటీల్లోది కాదు.

"వరంగల్ జిల్లాలోని ఉన్నత పాఠశాల విద్యార్థుల హాజరుపై తల్లిదండ్రుల సహకార ప్రభావం: ఒక అధ్యయనం."

బాగానే ఉంది కదా? గైడ్ కాదనరు, కమిటీ కాదనదు. ఈ రోజు తరగతంతా దీన్ని ఒక్కో మాటగా విప్పుకుంటూ పోదాం.

మొదటి మాట, వరంగల్ జిల్లా. ఏ వరంగల్ జిల్లా?

మీరు డిసర్టేషన్ మొదటి అధ్యాయంలో "వరంగల్ జిల్లా అక్షరాస్యత 65.11 శాతం" అని రాస్తారు. అది 2011 జనాభా లెక్కల్లోని అంకె. అంకె సరైనదే. కానీ ఆ జిల్లా ఇప్పుడు లేదు. అప్పటి వరంగల్ జిల్లాలో 35 లక్షల పైచిలుకు జనం. 2016 అక్టోబర్ 11, దసరా రోజున అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలుగా విడిపోయింది. విడిపోవడమే అయితే కూడికలు చేసుకుని సరిపెట్టుకోవచ్చు. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు పోయాయి. కరీంనగర్ నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మన వైపు వచ్చాయి. కాటారం, మహదేవపూర్ భూపాలపల్లిలో కలిశాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. పేర్లతోపాటు మండలాలూ మారాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు కొత్త వరంగల్ జిల్లాకు వెళ్లాయి, పరకాల హనుమకొండకు వచ్చింది.

అంటే ఇప్పుడు మనం కూర్చున్నది హనుమకొండ జిల్లాలో. వరంగల్ రైల్వే స్టేషన్ వైపు వెళితే వరంగల్ జిల్లా. 2011 అంకెను 2025లో మీరు తెచ్చే సమాచారం పక్కన పెట్టి "అక్షరాస్యత పెరిగింది", "హాజరు తగ్గింది" అని రాస్తే, మీరు పోలుస్తున్నది రెండు వేర్వేరు జిల్లాలను. యూడైస్, అంటే బడుల వివరాలు ఏటా సేకరించే ప్రభుత్వ లెక్క, దాని అంకెలతోనూ ఇదే చిక్కు. 2015 నాటి జిల్లా పట్టిక, 2022 నాటి జిల్లా పట్టిక పక్కపక్కన పెట్టే ముందు మండలాల వారీగా కూర్చుని మళ్లీ కూడుకోవాలి. అది చేయడానికి నాలుగైదు రోజులు పడుతుంది. చేయండి. గత కొన్నేళ్లలో నా చేతికి వచ్చిన డిసర్టేషన్లలో ఆ పని చేసినవి చాలా తక్కువ. అది చూసినప్పుడల్లా నాకు బాధే. మన జిల్లా గురించి మనమే తప్పు రాస్తే ఇంకెవరు సరిగా రాస్తారు?

ఇంకో సంగతి. పాత జిల్లాకంతటికీ ఒకే సగటు తీసినప్పుడు, తాడ్వాయి అడవిలోని గొత్తికోయ గూడెంలో ఉండే పిల్లా, సుబేదారిలో ఆటో ఎక్కి స్కూలుకు వెళ్లే పిల్లా ఒకే అంకెలో కలిసిపోయారు. ఆ అంకె వాళ్లిద్దరిలో ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

రెండో మాట, ఉన్నత పాఠశాల విద్యార్థులు. జిల్లా పరిషత్ హైస్కూలుంది, కస్తూర్బా బాలికల విద్యాలయం ఉంది, గిరిజన ఆశ్రమ పాఠశాల ఉంది, గురుకులం ఉంది, మోడల్ స్కూలుంది, ఎయిడెడ్ ఉంది, ప్రైవేటు ఉంది. మన టైటిల్ హాజరు గురించి కదా. గురుకులంలో పిల్ల అక్కడే నిద్రపోతుంది, అక్కడే తింటుంది. ఆమె హాజరుకూ, ఉదయం ఐదుకు లేచి నీళ్లు పట్టి, మూడు కిలోమీటర్లు నడిచి జిల్లా పరిషత్ బడికి వచ్చే పిల్ల హాజరుకూ ఒకే అర్థం ఉంటుందా? ఉండదు. రెండింటినీ కలిపి సగటు తీయకూడదు.

నమూనా ఎంత, అంటే మొత్తంలో ఎంతమందిని ఎంచుకోవాలని అందరూ అడుగుతారు. క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు 1970లో ఇచ్చిన పట్టిక మీకు సీనియర్లు చూపిస్తారు. మొత్తం వెయ్యి మంది ఉంటే 278 మందిని తీసుకోవాలి, ఐదొందల మంది ఉంటే 217, వంద మంది ఉంటే 80. పట్టిక మంచిదే. అయితే ఆ సంఖ్య యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్టు ఎంచుకున్నప్పుడే పనికొస్తుంది. బస్టాండ్ పక్కనున్న రెండు బడులకు వెళ్లి, ఆ రోజు వచ్చిన 278 మందితో ఫారాలు నింపించి, పట్టిక ప్రకారం తీశానని రాయడం నిజం కాదు. అంతకంటే, "నాకు వీలైన రెండు బడుల్లో 90 మందిని అడిగాను, దీన్ని జిల్లా మొత్తానికి అన్వయించలేను" అని రాయండి. నేను సంతోషంగా సంతకం పెడతాను.

మూడో మాట, హాజరు. ఇది తేలిక అనుకుంటారు. రిజిస్టర్ ఉంది, లెక్క పెట్టుకుంటే చాలు అనుకుంటారు. ఏ నెల రిజిస్టర్?

ఇప్పుడు బయట చూడండి, పత్తి ఏరుతున్నారు. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా మన పల్లెల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు ఎక్కడుంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. చేన్లో లేకపోతే ఇంట్లో చిన్నపిల్లల్ని పట్టుకుని ఉంటారు. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి. ఎనుమాముల మార్కెట్‌కు ఎర్రటి బస్తాలు వచ్చే రోజుల్లో ఎన్ని కుటుంబాలు వేరే ఊళ్లకు కూలికి పోతాయో ఆ ఊరి టీచర్‌ను అడగండి. వచ్చే జనవరి 28న మేడారం జాతర మొదలవుతుంది. రెండేళ్లకోసారి వస్తుంది. జాతర ఏడాది జనవరి, ఫిబ్రవరి హాజరును జాతర లేని ఏడాదితో పోల్చి "హాజరు పడిపోయింది" అని రాసినవాళ్లున్నారు. సమ్మక్క సారలమ్మ సంగతి తెలియని మనిషి ఢిల్లీలో కూర్చుని ఆ తప్పు చేస్తే అర్థం చేసుకోవచ్చు. మనం చేయకూడదు.

ఇంకో మాట. రిజిస్టర్ ఒక మనిషి రాసింది. ఏ పరిస్థితిలో, ఎవరికి చూపించడానికి రాశారో కనుక్కోవాలి. పిల్లలు ఎంతమంది అన్న దాన్ని బట్టి టీచర్ పోస్టు ఉంటుందా పోతుందా అన్నది తేలే చోట, పేరు కొట్టేయడానికి చెయ్యి రాదు. అందుకు ఆ టీచర్‌ను దోషిగా నిలబెట్టొద్దు. బడిలో ఇంకో రిజిస్టర్ కూడా ఉంటుంది, మధ్యాహ్న భోజనానిది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత మీరే ఒక రోజు కూర్చుని తలలు లెక్క పెట్టండి. మూడు అంకెలూ ఒకటైతే మంచిదే. కాకపోతే, ఎందుకు కాలేదన్నదే మీ డిసర్టేషన్‌లో అన్నిటికంటే విలువైన పేజీ అవుతుంది.

నాలుగో మాట, తల్లిదండ్రుల సహకారం. ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఈ టైటిల్ నాది. 1998లో నా ఎం.ఎడ్. డిసర్టేషన్.

అప్పట్లో నేను ఒక ప్రశ్నావళి తయారు చేశాను. లికర్ట్ అనే ఆయన 1932లో చెప్పిన ఐదు మెట్ల పద్ధతి. పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను, చెప్పలేను, ఏకీభవించను, అసలు ఏకీభవించను. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి మార్కులు. "మా తల్లిదండ్రులు నా చదువుకు సహకరిస్తారు" అన్నది అందులో ఒక వాక్యం. మహబూబాబాద్ వైపు ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ కాగితాలు పంచాను. క్లాస్ టీచర్ పక్కనే నిలబడి ఉన్నారు. నేను వాళ్లను బయటికి వెళ్లమనాల్సింది, అనలేదు.

చివరి వరుసలోంచి ఒక పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. ఆమె అడిగింది అడిగినట్టే చెప్తాను. ఇన్నేళ్లయినా నాకు ఒక్క మాట మరుపు రాలేదు. "టీచర్, మా అమ్మకు సదువు రాదు. బడికాడికి ఎన్నడు రాలే. పత్తి ఏరవోయిన దినం తమ్ముణ్ణి నాకిచ్చి పోతది, ఆ దినం నేను బడికి రాను. గని రాత్రి పొయ్యికాడ నన్ను కూసోవెట్టి పాఠమంత సదివిపిచ్చుకుంటది. నిద్రవోతె లేపుతది. గిది సహకరిస్తున్నట్టా, లేనట్టా?"

నాకు సాయంత్రం బస్సుంది. ఇంకో రెండు సెక్షన్లున్నాయి. "నీకేది అనిపిస్తే అది టిక్ పెట్టమ్మా" అన్నాను. ఆ పిల్ల కాసేపు చూసి, వెళ్లి, "చెప్పలేను" దగ్గర టిక్ పెట్టింది. మూడు మార్కులు.

మీరు ఆలోచించండి. పగలంతా చేన్లో వంగి పత్తి ఏరి వచ్చి, తనకు ఒక్క అక్షరం రాకపోయినా కూతురి చేత పాఠం చదివించుకుని, నిద్రపోతుంటే లేపిన తల్లికి నేనిచ్చింది మూడు. ప్రశ్న సరిగా చదవకుండా మధ్యలో టిక్ పెట్టిన పిల్లల తల్లిదండ్రులకూ మూడే. ఆ మూడులన్నిటినీ కలిపి అంకమధ్యమం, అంటే సగటు కట్టాను. "అక్షరాస్యులైన తల్లులతో పోలిస్తే నిరక్షరాస్యులైన తల్లుల సహకారం తక్కువ, భేదం సార్థకం", అంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదు, అని నాలుగో అధ్యాయంలో రాశాను. వైవాలో మెచ్చుకున్నారు. మంచి మార్కులు వచ్చాయి.

నా ప్రశ్నావళి విశ్వసనీయత కూడా బాగానే ఉంది. సరి సంఖ్య ప్రశ్నలు ఒక సగం, బేసి సంఖ్య ప్రశ్నలు ఒక సగం చేసి, రెండు సగాల మార్కులూ ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చూసే సహసంబంధం కట్టాను, కాలిక్యులేటర్‌తో రెండు రాత్రులు. ఇప్పుడు మీరు కంప్యూటర్‌లో క్రాన్‌బాక్ ఆల్ఫా అనే విశ్వసనీయత కొలత ఒక్క నొక్కుతో తీస్తారు. అది కూడా ఈ విషయంలో మిమ్మల్ని కాపాడదు. విశ్వసనీయత అంటే తక్కెడ ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు చూపించడం. సప్రమాణత అంటే మీరు తూచాలనుకున్నదాన్నే తూచడం. నా తక్కెడ నిలకడగానే ఉంది. అది తూచింది మాత్రం, ఒక తల్లి బడికి వచ్చి టీచర్‌తో మాట్లాడే ధైర్యం ఉన్నదా లేదా అన్నది. దానికి నేను సహకారం అని పేరు పెట్టాను. చదువుకున్న ఇళ్లలో సహకారం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, అలా లేనిదంతా సహకారం కాదని ముందే తీర్మానించుకుని ఆ ఊరికి వెళ్లాను.

ఇది నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న నా డిసర్టేషన్ మొత్తం కంటే గొప్పది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చదివించడం, నిద్రపోతే లేపడం, తమ్ముణ్ణి అప్పజెప్పి పోక తప్పకపోవడం, ఈ మూడూ ఒకే తల్లి ఒకే రోజులో చేస్తుంది. దాన్ని రాయడానికి నా దగ్గర గడి లేదు. ముందు ఆ ఊళ్లో పది ఇళ్లకు వెళ్లి, పది మంది తల్లులతో కూర్చుని మాట్లాడి, "పిల్ల చదువు కోసం మీరేం చేస్తారమ్మా?" అని అడిగి, వాళ్ల మాటల్లోంచి ప్రశ్నలు తయారు చేసుకుని ఉంటే గడి దొరికేది. ఇంటర్వ్యూలు, పరిశీలన, పైలట్ స్టడీ (ముందు చిన్నగా చేసి చూడటం) అని మీరు మూడో యూనిట్‌లో చదివేవి ఇవే.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "ఏకీభవిస్తాను" అన్న మాట ఆ పిల్లల్లో ఎందరికి తెలుసో నేను కనుక్కోలేదు. ఆ ఊరి పక్క తండాల నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఏటూరునాగారం వైపు వెళితే కోయ పిల్లలు. పుస్తకం తెలుగులో అడిగి, వాళ్లు జవాబు చెప్పకపోతే "అవగాహన తక్కువ" అని రాసేస్తాం. మీ ప్రశ్నావళిని ముందు ఐదుగురు పిల్లల చేత గట్టిగా చదివించి, "దీనికి నీకేం అర్థమైంది?" అని అడగండి. సగం ప్రశ్నలు అక్కడే రాలిపోతాయి.

ఐదో మాట, ప్రభావం. దీన్ని మనం చాలా సులువుగా వాడేస్తాం. మీ చీటీల్లో ఎనిమిది ప్రైవేటు బడికీ సర్కారు బడికీ పోలిక గురించే. ప్రైవేటు బడి పిల్లలకు మార్కులెక్కువ, కాబట్టి ప్రైవేటు బడి ప్రభావం. ఇలా రాస్తే తప్పేంటి?

ఒక విద్యార్థి: ప్రైవేటుకు పంపేవాళ్లు ముందే కొంచెం ఉన్నవాళ్లు మేడం.

అవును. డబ్బు, తల్లిదండ్రుల చదువు, ట్యూషన్, ఇంట్లో ఒకరే పిల్లో ముగ్గురో. వీటిలో ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు మన నేల మీదే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మీరంతా తెలుసుకోవాలి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో చేశారు.  2008లో 180 ఊళ్లు తీసుకున్నారు. ప్రైవేటు బడిలో చేర్పించాలని ఉన్న తల్లిదండ్రుల దగ్గర దరఖాస్తులు తీసుకుని లాటరీ తీశారు. గెలిచిన పిల్లలకు ఫీజు, పుస్తకాలు, బట్టల ఖర్చు ఇచ్చారు. లాటరీలో రానివాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే. లాటరీకి డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అని తెలియదు కదా. అందుకే రెండు గుంపులూ మొదట్లో ఒకేలా ఉంటాయి. అంతేకాదు, అసలు ఈ పథకమే ఏ ఊళ్లలో పెట్టాలన్నది కూడా లాటరీతోనే తేల్చారు. సగం ఊళ్లలో పెట్టారు, సగం ఊళ్లలో పెట్టలేదు. పిల్లలు వెళ్లిపోయాక ఊళ్లో మిగిలినవాళ్లకు ఏమైందో కూడా చూడటానికి.

నాలుగేళ్ల తర్వాత కొలిస్తే, తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో ఎక్కువ చోట్ల హిందీ చెప్పేవాళ్లే లేరు. అక్కడితో ఆగి ఉంటే "ప్రైవేటు వల్ల లాభం లేదు" అని తేల్చేసేవాళ్లం. వాళ్లు టైంటేబుల్ కూడా చూశారు. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయమిచ్చి, మిగిలిన సమయం ఇంగ్లిష్, హిందీ లాంటి వాటికి ఇస్తున్నాయి. ఒక్కో పిల్లవాడి మీద వాటికయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. ఇప్పుడు జవాబేంటి? ప్రైవేటు మంచిదా, సర్కారు మంచిదా? ఏది నేర్పాలనుకుంటున్నాం, ఎంత ఖర్చుతో అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పనిదే ఆ మాట తేలదు. నాకు ఈ పరిశోధన ఇష్టం. ఏ పక్షం వాళ్లు చదివినా కొంచెం అసంతృప్తితో లేవాల్సి వస్తుంది.

మరో విద్యార్థి: మేడం, మేం లాటరీలు తీయలేం కదా? మా దగ్గర డబ్బు లేదు, టైం లేదు.

తీయలేరమ్మా. తీయమని అడగను కూడా. కానీ "ప్రభావం" అనే మాట ఊరికే వాడొద్దు. మీరు ఒక రోజు వెళ్లి రెండు విషయాలు కొలిస్తే తెలిసేది అవి రెండూ కలిసి నడుస్తున్నాయా లేదా అని మాత్రమే. దాన్ని "సంబంధం" అనండి. ఏది ముందో, ఏది వెనకో చెప్పాలంటే కాలం కావాలి. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002లో మొదలై, ఏడాది వయసు పిల్లల్నీ ఎనిమిదేళ్ల పిల్లల్నీ తీసుకుని, వాళ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లింది. అందులో కరీంనగర్ పిల్లలున్నారు. మీకు అంత కాలం లేదు, ఫరవాలేదు. ఉన్న కాలంలో ఎంత చెప్పగలరో అంతే చెప్పండి.

ఇక ఆ చీటీ. "మా బడిలో ఏడో తరగతి పిల్లలు గట్టిగా చదవమంటే ఎందుకు చదవరు?"

ఈ ప్రశ్న రాసిన మీరు పిల్లల్ని చూశారు. చూసి, మీకు తెలియనిది ఏదో ఉందని ఒప్పుకున్నారు. ఈ పిల్లల గురించి ఒక లెక్క వేద్దాం. ఈ ఏడాది ఏడో తరగతిలో ఉన్న పిల్ల మామూలుగా అయితే 2019లో ఒకటో తరగతిలో చేరింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులు మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబర్‌లో. అంటే ఈ పిల్ల రెండో తరగతి బడిలో కూర్చుని చదవలేదు. గుణింతాలు, ఒత్తులు గట్టిపడే ఏడాది అది. మూడో తరగతికి వచ్చి కూర్చుంది. నాలుగో తరగతిలో, 2022–23లో, సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకం చేతికిచ్చాం. ఇప్పుడు ఏడో తరగతిలో లేచి నిలబడి గట్టిగా చదవమంటున్నాం.

చదవడం రాదా? వచ్చి కూడా నలుగురి ముందు సిగ్గా? ఏ భాషలో చదవమన్నాం? తెలుగులో చదివి ఇంగ్లిష్‌లో ఆగిపోతుందా, రెండింట్లోనా? ఆ ఒక్క బడిలో ఇరవై మందిని ఒక్కొక్కరినే పక్కకు కూర్చోబెట్టి చదివించి వింటే ఇవన్నీ తేలతాయి. అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి చేస్తున్నది ఇలాంటిదే. పిల్లల ఇంటికే వెళ్లి, ఒక్కొక్కరి చేత అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. జాతీయ సాధన సర్వేలో అయితే బడిలో, ఆ రోజు వచ్చిన పిల్లల చేత కాగితం మీద జవాబులు గుర్తింపజేస్తారు. రెండూ వేర్వేరు ఫలితాలు చెప్పాయని పేపర్లలో గొడవ చేస్తుంటారు. ఒకటి గట్టిగా చదివితే వింటుంది, ఇంకోటి వినదు. మన చీటీకి వినే పద్ధతే కావాలి.

ఇది ఒక్క బడి, ఇరవై మంది. చిన్నదని అనుకోకండి. సరిగా చేస్తే ఇది మంచి డిసర్టేషన్. టైటిల్ చివర్న దానంతట అదే వస్తుంది.

లెక్కల భయం గురించి చెప్తానన్నాను. రెండు గుంపుల సగటుల మధ్య తేడా నమ్మదగ్గదేనా అని చూసే టి-పరీక్ష ఉంది కదా, దాన్ని 1908లో గాసెట్ అనే ఆయన కనిపెట్టాడు. డబ్లిన్‌లో బీరు తయారుచేసే గిన్నిస్ కంపెనీలో ఉద్యోగి. ఆయన దగ్గర ఉన్న నమూనాలు కొద్ది. కొద్దిపాటి సమాచారంతో ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఆయన అవసరం. అవసరం తెలిస్తే సూత్రం దానంతట అదే అర్థమవుతుంది. జనవరి నుంచి కలిసి చేద్దాం, ఎవరినీ వెనక వదలను.

అనుమతుల సంగతి. బడికి వెళ్లే ముందు డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి ఆఫీసు నుంచి కాగితం, హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు. పిల్లల పేర్లు మీ డిసర్టేషన్‌లో ఎక్కడా రాకూడదు. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టొద్దు. కులం అడగాల్సి వస్తే పదిమంది ముందు నిలబెట్టి అడగొద్దు. ఆ పిల్లకు అది జీవితమంతా గుర్తుంటుంది. ఇంకొకరి రాతలు కాపీ కొట్టడం గురించి యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది. పోలిక 10 శాతం దాటితే చర్యలుంటాయి. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో లక్షల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా ఉన్నాయి. చదవడానికి వాడుకోండి. డబ్బిస్తే రాసిపెడతామని ఎవరైనా మీ దగ్గరికి వస్తారు. ఆ డబ్బుతో నాలుగు ఊళ్లు తిరిగి రండి. రాయడం రాకపోతే నా దగ్గరికి రండి, నేను కూర్చుని రాయిస్తాను.

వచ్చే మంగళవారం వరకు ఒక పని. మీకు దగ్గర్లోని ఏదో ఒక బడి, హెడ్మాస్టర్‌ను అడిగి, పొద్దున గంట కొట్టడానికి అరగంట ముందు వెళ్లి గేటు దగ్గర కూర్చోండి. గంట కొట్టాక ఇంకో అరగంట ఉండండి. నోట్‌బుక్ పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు మీ కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే రాయండి. కుడివైపు మీరు అనుకున్నది రాయండి. "ఒక అబ్బాయి ఆలస్యంగా వచ్చాడు, చెప్పులు లేవు, చేతిలో సంచి" అన్నది ఎడమవైపు. "పేదవాడు, చదువు మీద శ్రద్ధ లేదు" అన్నది కుడివైపు. ఏ వైపు ఎక్కువ నిండిందో చూసుకుందాం. ఇప్పుడు పత్తి కాలం కాబట్టి, ఎవరు రాలేదో కూడా అడిగి రాయండి. రాని పిల్ల ఇల్లు దగ్గరైతే, వాళ్లమ్మ సాయంత్రం చేన్లోంచి వచ్చాక వెళ్లి పలకరించండి. పొద్దున పోవద్దు, పనికి ఆలస్యమైతే ఆమె కూలి పోతుంది.